చప్పుడు లేని కెమెరా

మధ్యాహ్నం, బేరాలు లేని వేళ. కెమెరాల షాపులో కౌంటరుకి అటు తమ్ముడు, ఇటు అక్క.

“ఇది కూడా బరువేనా? ఇంతకంటే తేలికది కావాలంటే ఇక బొమ్మల షాపుకి వెళ్లాలక్కా.”

“బరువని కాదురా. పెద్దగా ఉంది.”

“ఇందాకటిది చిన్నగానే ఉంది కదా, దాన్నేమన్నావ్?”

“అది టక్కుమంటోంది.”

“కెమెరా టక్కుమనక కోడిలా కూస్తుందా? ఫోటో పడిందని తెలియాలి కదా.”

“చప్పుడు లేకుండా తీసేవి ఉంటాయన్నారు.”

“ఎవరన్నారు?”

“ఎవరో అన్నార్లే.”

“ఉంటాయి. నిద్రపోయే పసిపిల్లల్ని తీసేవాళ్లు అడుగుతారు, నాటకాల్లో తీసేవాళ్లు అడుగుతారు. నువ్వు తీసేది బట్టలు. గౌను నిద్రలోంచి ఉలిక్కిపడి లేస్తుందా?”

“నీ వెటకారం ఆపి చూపించరా.”

“చూపిస్తూనే ఉన్నానుగా, కౌంటరంతా పరిచేశాను! ఎవరొచ్చినా నేనడిగేవి మూడే ముక్కలు. ఏం తీస్తారు, ఎక్కడ తీస్తారు, ఇంతకుముందు ఎప్పుడైనా తీశారా. అంతే, తేలిపోతుంది. కొత్తగా నేర్చుకునే కాలేజీ పిల్లలకి అదిగో ఆ నల్లది. పెళ్లిళ్లు తీసేవాళ్లకి ఇది, దీనికో రెండు లైట్లు. పిట్టల వెనక పడేవాళ్లకి ఆ బారు లెన్సు. నీ దగ్గరే ఏదీ తేలి చావడంలేదు.”

“చెప్పాను కదా. నేను కుట్టిన బట్టలు. వెనక మెడ డిజైన్లు. ఊరికే తగిలించి తీస్తే తెలియదు, ఎవరైనా వేసుకోవాలి.”

“వేసుకునేదెవరు?”

“నేనే.”

“తీసేదెవరు?”

“నేనే.”

“నీ వీపు నువ్వే తీసుకుంటావా?”

“అందుకే కదా నీ దగ్గరికొచ్చింది!”

“సరే, సరే, అరవకు. దానికి టైమరుంటుంది. ట్రైపాడ్ మీద పెట్టి, బటన్ నొక్కి, వెళ్లి నుంచోవాలి. ఇదిగో ట్రైపాడ్.”

“ఇంత పొడుగా? ఇదెక్కడ పడుతుంది?”

“హాల్లో పెట్టుకో. మీ హాల్లో సైకిలు తొక్కచ్చు.”

“హాల్లో కాదు. బాత్రూంలో.”

“బాత్రూంలోనా?”

“అద్దం ఉంది కదా అక్కడ. గడియ కూడా...”

“గడియ కూడా ఏంటి?”

“ఏం లేదు. వెలుతురు బాగుంటుందని.”

“బాత్రూంలో వెలుతురు బాగుంటుందా! ఆ పసుపు బల్బు కింద ఏ రంగూ సరిగ్గా రాదు. కిటికీ పక్కన తీసుకో తల్లీ. మీ పడగ్గదిలో ఇంతేసి కిటికీ ఉంది.”

“అక్కడ కుదరదు.”

“ఎందుకు కుదరదు?”

“కుదరదంటే కుదరదురా! అన్నిటికీ ఎందుకు, ఎందుకు అంటావేంటి? వచ్చినవాళ్లందరినీ ఇలాగే తింటావా?”

“వచ్చినవాళ్లెవరూ ఇలా తిక్క సమాధానాలు చెప్పరు. ఆర్నెల్ల తర్వాత కనపడ్డావు, కాసేపు కూర్చుని మాట్లాడుకుందామంటే వచ్చినప్పట్నుంచీ ఇదే గోల. సరే, ఇదిగో, పొట్టి కాళ్లది. వాష్‌బేసిన్ గట్టు మీద కూడా నిలబడుతుంది. కెమెరా ఇది పెట్టుకో. స్క్రీన్ ఇలా ముందుకి తిరుగుతుంది. నువ్వు అటు తిరిగి నుంచుని, తల ఒక్కసారి వెనక్కి తిప్పావంటే ఫోటోలో ఎక్కడ పడుతున్నావో కనిపిస్తుంది.”

“తల వెనక్కి తిప్పాలా?”

“కొంచెమే.”

“తిప్పకుండా వేరే దారేం లేదా?”

“తల తిప్పడానికేమైందక్కా నీకు? మెడ పట్టిందా?”

“ఆఁ. మిషను మీద వంగి వంగి పట్టేసింది.”

“రిమోట్ ఇస్తాను పట్టు. చేతిలో పెట్టుకుని నొక్కుతూ పో. పది తీస్తే ఒకటి కుదురుతుంది. చాలా?”

“రంగులు సరిగ్గా రావాలి.”

“వస్తాయి.”

“అలా తేలిగ్గా అనెయ్యకు. నీలం నీలంగానే రావాలి. నల్లగా వచ్చిందనుకో, నీడ అంటారు. ఎరుపు తగ్గిందనుకో, ఇక్కడేముంది, ఏమీ లేదుగా అంటారు.”

“ఎవరంటారు?”

“కొనేవాళ్లు.”

“నీ దగ్గర కొనేవాళ్లు అంత తరచి తరచి చూస్తారా? అదృష్టవంతురాలివి. నా దగ్గరికొచ్చేవాళ్లు ముఖం కాస్త తెల్లగా వస్తే చాలంటారు. విను. ఫ్లాష్ వెయ్యకు, వేస్తే అంతా పాలిపోతుంది. ఇదిగో బూడిద రంగు అట్ట. ముందు దీన్ని ఒకటి తియ్యి. దాన్ని బట్టి కెమెరా తతిమ్మా రంగులు సరిచేసుకుంటుంది.”

“ఫోటో మీద తారీఖు పడుతుందా?”

“బట్టలకి తారీఖెందుకే? పాల ప్యాకెట్లా?”

“ఎప్పుడు కుట్టానో గుర్తుండాలి కదా.”

“పడుతుంది. నేను పెట్టిస్తాను.”

“తర్వాత ఎవరైనా మార్చేస్తే?”

“ఎవరు మారుస్తారు?”

“ఊరికే అడుగుతున్నాను. పోనీ కెమెరా పగిలిపోతే? ఫోటోలు కూడా పోతాయా?”

“ఇంకా కొననే లేదు, అప్పుడే పగలగొట్టేస్తున్నావా? ఫోటోలుండేది ఈ కార్డులో. కార్డు తీసి దాచుకుంటే కెమెరా పచ్చడైనా ఫోటోలకేం కాదు.”

“ఇంత చిన్నదా! ఇదైతే సూదుల డబ్బాలో పడుతుంది.”

“సూదుల డబ్బాలో ఎందుకు పెడతావ్, పోగొట్టుకోవడానికా? అక్కా, నిజం చెప్పు, నువ్వు కుట్టేది బట్టలా, దొంగనోట్లు అచ్చేస్తున్నావా? ఇదంతా ఫోనుతో అయిపోయే పని. నీ ఫోన్లో కెమెరా బ్రహ్మాండంగా ఉంటుంది.”

“ఫోనొద్దు. ఫోను ఇంట్లో చూస్తారు.”

“చూస్తే? బట్టలే కదా.”

“ఫోనొద్దన్నాను కదా!”

“నాయనోయ్. అసలు బావని వెంటబెట్టుకుని రావాల్సింది నువ్వు. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పిందే ఆయన. ఈ షాపు పెడతానంటే నాన్నని ఒప్పించిందీ ఆయనే. ఆయనుంటే నిమిషంలో...”

“బావకి చెప్పకు.”

“ఓహో, సర్‌ప్రైజా?”

“ఆఁ. అదే అనుకో.”

“అయ్యో. చెప్పేశానే.”

“ఏం చెప్పేశావ్?”

“ఇందాక నువ్వు నీళ్లు తాగడానికి లోపలికెళ్లావు చూడు, అప్పుడు మెసేజ్ పెట్టాను. అక్క నా ప్రాణం తోడేస్తోంది, ఏ కెమెరా ఇవ్వాలో నువ్వొచ్చి తేల్చు బావా అని.”

“చూశాడా?”

“వెంటనే చూశాడు. కెమెరా దేనికీ అనడిగాడు. వీపు ఫోటోలట, తనే తీసుకుంటుందట అని పెట్టాను.”

“వీపని పెట్టావా?”

“నువ్వు చెప్పిందే కదా పెట్టాను? వచ్చేస్తున్నా అన్నాడు. ఏంటి, అలా అయిపోయావ్? సర్‌ప్రైజ్ పోతే పోయిందిలే.”

“ఇచ్చెయ్. ఇదే, ఈ చిన్నదే. పెట్టె వద్దు, సంచిలో వేసెయ్. త్వరగా.”

“ఇంతసేపు నన్ను నంజుకుతిని ఇప్పుడు తొందరా? ఒక్క ఫోటో తీసి చూపిస్తానుండు. లేకపోతే రంగులు రాలేదని రేపు మళ్లీ నా నెత్తినెక్కుతావ్. అటు తిరుగు.”

“వద్దు.”

“ఆ శాలువా తియ్యి. ఇంత ఎండలో శాలువా ఏంటసలు? ఇలా ఇవ్వు...”

“ముట్టుకోకు!”

“అబ్బా, ఏంటక్కా! గట్టిగా లాగానా ఏంటి? సరే, ముట్టుకోను. తియ్యొద్దులే, కొంచెం కిందికి జరుపు. మెడవరకే తీస్తాను. ఆఁ, అలాగే ఉండు... అయిపోయింది. విన్నావా చప్పుడు? లేదు కదా. ఇదిగో, రంగు చూడు, అచ్చు గుద్దినట్టు...”

“చూశాను, బాగుంది. ఇంక ఇచ్చెయ్.”

“ఉండుండు. మెడ కింద ఏదో నీడ పడింది.”

“ఆఁ, నీడే.”

“లైటు నీ ఎడమ పక్కనుంది. నీడ పడితే కుడి పక్క పడాలి. ఇదేంటి ఎడమ పక్కే ఉంది?”

“పోనీలేరా.”

“పెద్దది చేసి చూస్తాను.”

“చూడకు.”

“అక్కా.”

“చూడొద్దన్నాను కదరా.”

“అక్కా, ఇవి వేళ్లు. వేళ్ల గుర్తులు.”

“కెమెరా ఇలా ఇవ్వు.”

“ఎవరక్కా? దారిలో ఎవడైనా... గొలుసు లాగబోయాడా? ఎప్పుడు జరిగింది? చెప్పవేం? బావకి తెలుసా ఈ సంగతి?”

“బావకి తెలుసురా.”

“తెలిసి ఊరుకున్నాడా?”

“నన్నడగకు.”

“అడగకేం చెయ్యను? తెలిసి కూడా బావ ఊరుకు...”

“ఇంకా బావ, బావ అంటావేంట్రా! నేను నోటితో చెబితే ఎవరూ నమ్మట్లేదు. అమ్మకి చెప్పాను. అంత నెమ్మదస్తుడు, నువ్వే ఏదో రెచ్చగొట్టి ఉంటావ్ అంది. ఒక లాయరమ్మ దగ్గరికెళ్తే ఆవిడొక్కతే నమ్మింది. మాటలు చాలవమ్మా, ఫోటోలు కావాలి అంది. నీలం పోయి పసుపుకి తిరిగాక తీస్తే పాత దెబ్బ అంటారట. ఆలోపలే తియ్యమంది.”

“నాకు చెప్పొచ్చు కదా. నాకు చెప్పాల్సింది కదా!”

“నీకా? నీ చేత కెమెరా పట్టించినవాడురా ఆయన. నీకు చెప్పాక నువ్వు కూడా అమ్మలాగే అన్నావనుకో, ఇంక నాకెవరున్నారు? చెప్పకపోతే, చెబితే నమ్మేవాడే అనుకుంటూ బతకొచ్చు. అందుకే చెప్పలేదు.”

“ఎన్నాళ్లనుంచి?”

“ఇప్పుడవన్నీ వద్దు. వెనక దారి తెరిచే ఉందా? నేను పోతాను.”

“ఎక్కడికి?”

“ఇంటికి. ఆయన ఇక్కడికొచ్చి తిరిగెళ్లేలోపల నేను ఇంట్లో ఉంటే, ఏదో ఒకటి సర్దిచెప్పుకుంటాను. తమ్ముడు తమాషాకి రాశాడంటాను.”

“నేను నీతో ఇంతసేపూ వెటకారాలాడానే అక్కా. గౌను ఉలిక్కిపడుతుందా అన్నాను.”

“నీకేం తెలుసు పాపం.”

“నేను మెసేజ్ పెట్టి కూర్చున్నాను.”

“ఏడవకు. ఆ సంచి ఇవ్వు.”

“ఇవ్వను. ఈ చిన్నది నీకక్కర్లేదు. లోపల స్టూడియోలో పెద్ద లైట్లున్నాయి. నీ మరదలు పైనే ఉంది, పిలుస్తాను. లైట్లు నేను పెట్టి బయటికొచ్చేస్తాను, బటన్ అది నొక్కుతుంది. నీలం నీలంగానే వస్తుంది. నీడ అనే మొనగాడెవడో నేనూ చూస్తాను.”

“తర్వాత? ఫోటోలు తీశాక నేనెక్కడికి పోవాలిరా?”

“తర్వాత సంగతి...”

“నీ ఫోను మోగుతోంది.”

“చూశాను.”

“ఆయనేనా?”

“ఆయనే.”

“ఎత్తకు. నీ గొంతు వింటేనే ఆయనకి తెలిసిపోతుంది. ఒరేయ్, నా మాట విను, ఎత్తకురా...”

“హలో. ఆఁ, చెప్పు... షాపులోనే... లేదు, వెళ్లలేదు. అక్క ఇక్కడే ఉంది. ఇకమీదట కూడా ఇక్కడే ఉంటుంది.”