పగులు రిపోర్టు నేను చదివాను

నా పేరు ఈ విజిలెన్స్ వాంగ్మూలం మొదటి పేజీలో రాసుకున్నారు. వయసు యాభై నాలుగు. అణు విద్యుత్ కేంద్రాలు కట్టే ప్రభుత్వ సంస్థలో వెల్డింగ్ తనిఖీ ఇంజినీరును. ఎవరూ బెదిరించకుండా, బతిమాలకుండా చెబుతున్నాను.

మా సంస్థ వేరే దేశంలో రియాక్టరు కట్టడానికి టెండరు వేస్తోంది. ఒంటరిగా వేసే తాహతు మాకు లేదు, విదేశీ భాగస్వామి కావాలి. చివరికి రెండు కంపెనీలు మిగిలాయి. ఎంపిక కమిటీలో ఐదుగురం. ఛైర్మన్ మా బావగారు, అంటే నా భార్యకు సొంత అన్న. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తలేదు.

రెండో కంపెనీ పంపిన ఉక్కు నమూనాలో పగులు ఉందని మా ల్యాబ్ ఇంజినీరు రిపోర్టు రాసింది. పోయిన నెల పద్నాలుగున, ఉదయం తొమ్మిదింబావుకు, మూడు పేజీలూ నా చేతికిచ్చింది. చదివాను. మళ్ళీ చెబుతున్నాను, చదివాను.

పదిన్నరకు మూడో అంతస్తులో మీటింగు. రిపోర్టు బావగారి ముందు పెట్టాను. మా దగ్గర మార్కులు ముందు పెన్సిల్‌తో వేసి, ఛైర్మన్ చూశాక పెన్నుతో దిద్దుతాం. ఎప్పటినుంచో ఉన్న దరిద్రం అది. ఆ రెండో కంపెనీకి భద్రత కింద నలభైకి తొమ్మిది వేశాను. బావగారు చూసి రబ్బరు నా వైపు తోశారు.

"కట్టేది మన ఊళ్ళోనా? ఎక్కడో పరాయి దేశంలో. నీకెందుకు బావా అంత బాధ?" అన్నారు.

ఫైనాన్స్ ఆఫీసరు బిస్కెట్టు నములుతూనే నవ్వాడు. పొడి నా కాగితం మీద పడింది. అది దులిపి, తొమ్మిది చెరిపి, ముప్ఫై నాలుగు వేశాను. పెన్నుతో దిద్దాను. అక్కడా మనుషులే ఉంటారని నాకు తెలియక కాదు. బావగారు నా భుజం తట్టారు. ఆ చొక్కా మళ్ళీ తొడుక్కోలేదు.

తర్వాత రిపోర్టు ఫైల్లో లేదు. అసలు రిపోర్టే ఇవ్వలేదని ల్యాబ్ ఇంజినీరును సస్పెండ్ చేశారు. ఈ నెల ఇరవై రెండున సాయంత్రం ఆరింటికి ఆమె మా ఇంటికొచ్చింది.

"సార్, మీరు చదివారు కదా. ఆ ఒక్క మాట చెప్పండి చాలు" అంది.

"చూద్దాం లేమ్మా" అన్నాను. ఛీ, అదీ ఒక మాటేనా. ఆమె మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది.

నా భార్య తలుపు దగ్గర నిలబడి అంతా వింది. నాలుగు రోజులు చూసింది. ఈ ఉదయం తనే చెప్పులేసుకుని నిలబడింది. "మా అన్నయ్య పేరు చెప్పడానికి మీకు మొహమాటమైతే నేనే చెబుతాను, పదండి" అంది. బయట బెంచీ మీద కూర్చుంది ఆవిడే.

ఇదంతా చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, ఒక్క ముక్క అబద్ధం లేదు. కింద సంతకం చేశాను. నా సంతకం పక్కన, ఛైర్మన్ చెల్లెలినని రాసి, నా భార్య కూడా సంతకం చేసింది.