రోజూ అదే పేరు

బట్టలు కుట్టే ఫ్యాక్టరీ గేటు దగ్గర తనిఖీ ముగిశాక ఆమె సంచి సర్దుకుంటోంది. ఆఫీసులో కంప్యూటర్ చూసే కుర్రాడు దగ్గరికొచ్చాడు.

"తనిఖీకి రోజూ మీ పేరే ఎందుకొస్తోందో ఇవాళ తెలిసిందక్కా."

"కంప్యూటర్ చీటీ తీస్తుంది, దానికి అందరూ ఒకటేనన్నావుగా."

"తీసేముందు దానికో నంబరివ్వాలి. రోజూ మార్చాల్సింది, నేను మర్చిపోయాను. నంబరు అదే అయితే పేరూ అదే వస్తుంది."

"పక్కన కూర్చుని తినేవాళ్ళే నన్ను దొంగలా చూస్తున్నారు. ఈ మాట అందరి ముందూ చెప్పు."

"చెబితే నా ఉద్యోగం ఊడుతుంది. నంబరు మార్చేశాలెండి. రేపు మిమ్మల్ని ఆపరు."

"ఆపకపోతే, ఎవరి కాళ్ళో పట్టుకుని బయటపడిందంటారు. ఆ పాత నంబరే ఉంచు నాయనా. ఒక్క నింద చాలు, రెండోది మోయలేను."