గొంగడి పడని పెయ్యి

"నానమ్మా, తాత ఎప్పుడు సూసినా వాకిట్లనే ఎందుకు పండుకునేటోడే?"

గిప్పుడా అడిగేది? నర్సు సదువుకు పోయినంకనన్నా అడిగినవ్ తీ, మంచిదే. ఫోన్ల రికార్డు చేస్తున్నవా? సేస్కో. నా మాట నీ దోస్తులకు వినిపిచ్చి నవ్వేవు మల్ల.

మాకు మోతె ఊర్ల గొర్లుండె. మా అమ్మగారింట్ల గూడ గొర్లే, గొర్రెపిల్లను ఒళ్లె పండవెట్టుకొని బువ్వ తిన్నదాన్ని నేను. మీ తాత మందను మునగాల దిక్కు తోలుకపోయి పొద్దుగూకంగ వస్తుండె. వచ్చుడుతోనే గొంగడి తీసి నా భుజం మీదేసి, "సలి పెడ్తలేదానే?" అంటుండె. ఎండకాలం గూడ గదే మాట! "తియ్యయ్యా, ఉడుకపోస్తుంది" అనేదాన్ని. గిప్పుడు గా మాట కోసమే పానం కొట్టుకుంటది.

ఇగ ఒకనాడు గొర్లకు బొచ్చు కత్తిరిస్తున్నరు. మీ నాయిన బడికి పోయే కాలమది. నేను ఉన్ని గంపలకు ఎత్తుతున్న. సేతుల మీద దద్దులు లేసినయ్. అంతకుముందు గూడ అప్పుడప్పుడు లేస్తుండె, పట్టించుకోలే. మనకు దద్దులు లేస్తే మందేంది? గొంగడితోటి రుద్దుడే. మా అత్తకు ఆమె అత్త చెప్పిన మందు. మీ తాత గొంగడి తెచ్చి రుద్దవట్టె. రుద్దినకొద్ది ఎక్కువాయె. ఎక్కువైనకొద్ది ఇంకింత రుద్దె, పాపం, నా మీద అంత పానం ఆయనకు. మొకం ఉబ్బె, పెదవులు ఉబ్బె, ఛాతిల పిల్లికూతలు మొదలాయె. ఊపిరి అందకపాయె. గదే గొంగట్ల నన్ను సుట్టి, ట్రాక్టర్ల ఏసుకొని సూర్యాపేటకు ఉరికిచ్చిండు.

గా దవాఖానల ఒక నర్సమ్మ. పేరన్నా అడగలే సూడు... అడుగుదామంటే గొంతు లేవాలె గద. కోదాడ దిక్కు పిల్లనుకుంట, ఆంధ్రోళ్ల తీరు మాట్లాడె. ముందుగాల గొంగడి తీసి అవతలేసింది. తొడకు సూదేసింది, మొకానికి ఆక్సిజన్ పెట్టింది. "ఊపిరి తీస్కోండమ్మా, నేనిక్కడే ఉన్నా" అనుకుంట నా చెయ్యి విడువలే. తగ్గినంక గూడ పోనియ్యలే, మల్ల తిరగవెడ్తదేమోనని బీపీ సూసుకుంట పక్కనే ఉన్నది. నన్ను బతికిచ్చింది ఆ బిడ్డ.

ఏం తాకింది, ఏం రుద్దిన్రు అని మీ తాతనడిగింది. ఆయన చెప్పంగనే, "ఈమెకి ఉన్ని పడట్లేదండి. మీరు బయటుండండి" అన్నది. మీ తాత గొంగడి సంకల పెట్టుకొని బయటికి పోయిండు. గా పోవుడు పోవుడే.

ఇంటికొచ్చినంక గూడ లోపలికి రాకపాయె. వాకిట్ల మంచమేసుకుండు. గొర్లు అమ్మేస్తనంటే నేనే వద్దన్న, గొర్లు లేకుంటే గా మనిషి ఎట్ల బతుకుతడే? గడప మీద బువ్వ పెడితే అవతలికి తీస్కపోయి తింటుండె. నాకు జరమొస్తే కిటికీల నుంచి, "ఎట్లుందే?" అని అడుగుతుండె. లోపలికి రావయ్యా అంటే, "నర్సమ్మ బయటుండమన్నది" అనేటోడు. మొండోడు! నాకు కోపమొస్తుండె. నాకు పడనిది ఉన్ని గానీ ఈ మనిషా? గిది ఎవలనడగాల్నో మాకు తెల్వకపాయె. భయం గూడ ఉండె, అబద్ధమెందుకు.

మొన్న నువ్వు చెప్తివి గద, మనిషి పెయ్యిల కావలోళ్లుంటరు, రోగాల మీద కొట్లాడుతరు, ఒక్కోపారి సుట్టమొస్తే గూడ దొంగనుకొని మీదవడ్తరని. మంచిగ చెప్పినవ్. మన ఇంటి ముచ్చటని చెప్పకుంట ఉన్ని పడనోళ్ల సంగతి అడిగితే, ఇంకో మాట అంటివి. గొంగడి బయటనే ఇడిసి, తానం చేసి, బట్టలు మార్చుకొని వస్తే సాలునేమో, మనిషే దూరముండాల్నని ఉండదంటివి. గా పొద్దు నాకు బువ్వ ముట్టబుద్ధి కాలే. ఆయన పోయి ఏడాదాయె. ఒక్క చెంబెడు నీళ్లు పోసుకొని లోపలికి వస్తే అయిపోవునేమో గదనే...

ఇప్పుడు గొర్లు లేవు, ఇంట్ల ఉన్ని పోగు లేదు. ఊపిరి మంచిగనే ఆడుతుంది. ఆయన లేని ఇంట్ల గింత మంచిగ ఆడుడు నాకెందుకే?

ఆ నర్సమ్మను ఏమంటలేను. ఆమె గా జరసేపటికి అన్నది, మీ తాత బతుకంతటికి అనుకుండు. నువ్వు సల్లగుండు బిడ్డా, నీ చేతుల మీద మస్తుమంది బతకాలె. గానీ ఎవలినన్నా బయట నిలవడమంటే, లోపలికి ఎప్పుడు రావాల్నో గూడ చెప్పు. మా అసొంటోళ్లు ఆడనే నిలవడ్తరు...