శౌరయ్య ఎక్కిన సైకిలు

తిరువూరు. ముసలివాళ్ళకి, మంచాన పడ్డవాళ్ళకి సైకిళ్ళ మీద ఉచితంగా అన్నం, మందులు పంపించే రుచిత ఇంటి వరండా. పొద్దున్నే వచ్చినవాడు ఖాజావలి. పంక్చర్ల షాపాయన, ఆ సైకిళ్ళలో ఒకటి తొక్కే మనిషి.

"మెట్ల మీదకి ఎక్కించావేంటి బాబాయ్ సైకిలుని? కిందే స్టాండేసి రావాల్సింది."

"ఇచ్చేసి పోదామని తెచ్చానమ్మా."

"ఇచ్చేసి పోవటం ఏంటి? బ్రేకులా?"

"బ్రేకులు బానే ఉన్నాయి. చెయినుకి నూనె కూడా వేశా. కారియర్ల సంచి హ్యాండిల్‌కి తగిలించా, ఉతికే ఉంది. తాళంచెవి ఇదుగో."

"రేపు ఫంక్షన్ పెట్టుకుని ఇప్పుడు హాస్యాలేంటి బాబాయ్?"

"హాస్యం కాదు తల్లీ. ఇక నా వల్ల కాదు."

"ఏం, మోకాళ్ళా?"

"మోకాళ్ళే అనుకో."

"అనుకో ఏంటి? మోకాళ్ళా, కాదా?"

"షాపు దగ్గర కూడా పని ఉంటోందమ్మా. పొద్దునపూట గిరాకీ..."

"పొద్దునపూట నీ షాపుకి ఎవరొస్తారో నాకు తెలీదా? బళ్ళో చదివేటప్పటి నుంచి నా సైకిలుకి గాలి కొట్టింది నువ్వు. నాకే చెబుతావా కథలు? సాలెహా పిన్ని ఏమన్నా అందా?"

"ఆమేమంటుంది. ఆమెకి నేనేం చెప్పలా."

"ఏం చెప్పలా?"

"ఏం లేదులే."

"చూడు, విజయవాడ నుంచి కంపెనీ వాళ్ళు వస్తున్నారు. నా మొహం చూసి కాదు, నీ ఫొటో చూసి వస్తున్నారు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ సైకిళ్ళిస్తామంటున్నారు. రెడ్డిగూడెం, పెనుగొలను, వినగడప, అన్నిటికీ. స్టేజీ మీద నువ్వు లేకపోతే నేనేం చూపించను వాళ్ళకి?"

"ఫొటో ఉందిగా."

"ఫొటో మాట్లాడుతుందా? ఫ్లెక్సీ రాత్రే వచ్చింది. ఆ చివర పట్టుకో, విప్పుదాం."

"వద్దులేమ్మా."

"పట్టుకో బాబాయ్. చూడు, శౌరయ్య గారు ఎంత నిశ్చింతగా ఆనుకున్నాడో నీ వీపు మీద. పడిపోకుండా తువ్వాలు కట్టావు చూడు. చేతులు చూడు, నిన్నెట్లా పట్టుకున్నాడో. నాకైతే కళ్ళనీళ్ళొచ్చాయి. కింద ఏం రాయించానో చదువు."

"కళ్ళజోడు తేలా."

"నేనే చదువుతా. ‘పొగ లేదు, పెట్రోలు లేదు. ఆపదలో ఆస్పత్రికి చేర్చింది మన పచ్చ సైకిలు.’ బాగుందా?"

"బాగుంది."

"బాగుందనే మొహమేనా అది? ఎటు చూస్తున్నావు?"

"ఎటూ లేదమ్మా. చుట్టెయ్యి దాన్ని, మడత పడుద్ది."

"అసలు శౌరయ్య గారెట్లా ఉన్నారు? ఇన్నాళ్ళూ విజయవాడలో ఆ ఆఫీసు చుట్టూ తిరగటంతోనే సరిపోయింది. నిన్న సాయంత్రమేగా వచ్చింది, చూసిరాలేకపోయా."

"ఆయనకేమమ్మా. బాధలన్నీ తీరిపోయాయి."

"హమ్మయ్య. అయితే రేపు ఆయన్ని కూడా తీసుకొద్దాం. కారు పంపిస్తా. కాదు కాదు, కారెందుకు, నీ సైకిలు మీదే రావాలి. ఇద్దరూ కలిసి స్టేజీ దాకా వస్తే..."

"రాలేడమ్మా."

"కూర్చోలేడా? మంచి కుర్చీ వేయిస్తా, పక్కన మనిషిని..."

"మట్టి చేసొచ్చాం తల్లీ. నువ్వు బెజవాడలో ఉన్నప్పుడే."

"ఏంటి?"

"పోయాడమ్మా శౌరయ్య."

"అయ్యో. మరి ఒక్క ఫోనన్నా..."

"చేశా. మీటింగులో ఉన్నా, తర్వాత చేస్తా అన్నావు."

"అనే ఉంటా. ఛ. చేయలేదు నేను. ఇదా బాబాయ్ నీ బాధ? అంత కష్టపడి ఆస్పత్రికి తీసుకెళ్ళినా దక్కలేదని? అది నీ తప్పు కాదు. నువ్వు చేర్చావు. అంతవరకూ నిజమే కదా. ఫ్లెక్సీలో కూడా అంతే రాశాం."

"ఆస్పత్రి గేటు ఎక్కడుందో చూడమ్మా ఆ ఫొటోలో."

"ఇదుగో, వెనకాల కనపడుతోందిగా."

"నా వీపు వెనక."

"అవును. అంటే... లోపలికి వెళ్తున్నది కాదా ఇది? బయటికొస్తున్నారా?"

"బయటికే."

"చూపించుకుని తిరిగొస్తున్నారన్నమాట. అయితే ఏముంది, మాట మార్పిద్దాం. ఆస్పత్రి నుంచి ఇంటికి అని..."

"చూపించటానికి పక్కింటివాళ్ళు తీసుకెళ్ళారమ్మా, తెల్లారుజామున ఆటోలో. దింపేసి మిరపకోతకి పోయారు. నేను కారియర్ పట్టుకుని వెళ్ళేసరికి ఇంట్లో వాళ్ళావిడ ఒక్కతే మంచంలో ఏడుస్తోంది. ఆవిడ లేవలేదుగా. పోయి చూడు ఖాజావలీ, ఎట్లాగన్నా ఆయన్ని ఇంటికి తీసుకురా అంది. నేను వెళ్ళేటప్పటికే మొహం మీద దాకా దుప్పటి కప్పేసి ఉంది."

"నువ్వు వెళ్ళేటప్పటికే?"

"వెళ్ళేటప్పటికే."

"మరి ఈ ఫొటో?"

"తర్వాతది."

"అంటే ఇందులో ఆయన..."

"ఊఁ."

"బాబాయ్, చేతులు నిన్ను పట్టుకునున్నాయి."

"కట్టా. తువ్వాలు కింద ట్యూబు ముక్కలున్నాయి. నడుముకొకటి, చేతులకొకటి. సైకిలు డబ్బాలో ఎప్పుడూ ఉంటయిగా."

"ఎందుకు చేశావయ్యా ఈ పని? ఆస్పత్రి బండి ఉంటుందిగా."

"ఇంకెవరినో దించటానికి పోయిందంట. రేపొస్తుంది, అప్పటిదాకా ఇక్కడే ఉంచమన్నారు. ఆటోస్టాండుకి పోయి కాళ్ళావేళ్ళా పడ్డా. మా బావమరిది బాబా లేడూ, వాణ్ణీ అడిగా. శవాన్ని ఎక్కించుకున్నానని తెలిస్తే రేపు నా ఆటోని పెళ్ళి కిరాయికి ఎవరు పిలుస్తారు బావా అన్నాడు. వాణ్ణేమనను, పిల్లలుగలవాడు."

"రేపటిదాకా ఆగాల్సింది."

"ఎట్లా ఆగను? ఆవిడ అక్కడ గుమ్మంకేసి చూస్తూ ఉంటే? కరోనాలో మా ఇంటికి తడికె కట్టేసినప్పుడు మా వీధికి పిట్ట కూడా రాలా. రోజూ గంజి తెచ్చి తడికె పక్కన పెట్టి పోయింది శౌరయ్యేనమ్మా. నీ సైకిలెక్కింది కూడా అందుకే నేను. తిన్న తిండి ఎవరికన్నా తిరిగి పెడదామని."

"దారిలో ఎవరూ అడగలేదా?"

"అడిగారు. ముసలాయనకి బాలేదా సాయిబూ అన్నారు. నిద్దరపోతున్నాడన్నా. గేటు దాటగానే ఎవరో బండాపి ఫొటో తీసుకున్నాడు. శభాష్ అని కూడా అన్నాడు."

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"ఆస్పత్రిలో తెలుసు. ఆటోస్టాండులో తెలుసు. వాళ్ళు చెప్పరులే. చెబితే నువ్వెందుకు ఎక్కించుకోలేదురా అని అడుగుతారుగా."

"అయితే బాబాయ్... తప్పుగా అనుకోకు. నాకూ సిగ్గుగానే ఉంది అడగటానికి. పోయినాయన ఎట్లాగూ రాడు. ఆ సైకిళ్ళొస్తే ఎంతమందికి కడుపు నిండుతుందో నీకు తెలుసు. స్టేజీ మీద ఒక్క అబద్ధం. అంతే."

"అబద్ధానికి భయపడి కాదమ్మా సైకిలిస్తోంది."

"మరి?"

"వాళ్ళావిడకి చెప్పేశా అప్పటికే. మంచంలో ఉన్న మనిషి, ఇంకేం చెప్పను? ఇంటికి తీసుకుపొమ్మంటే తెచ్చా, గుమ్మంలో దింపుతుంటే ప్రాణం పోయిందని చెప్పా."

"మంచిపని చేశావు. నేనైనా అదే చెప్పేదాన్ని."

"దారిలో ఏమన్నా మాట్లాడాడా అంది. మాట్లాడాడన్నా. ఏమన్నాడు అంది. నువ్వు తిన్నావో లేదో అని ఒకటే గొడవ అన్నా. ఆ మాటకి నాచేత లేపి కూర్చోబెట్టించుకుని, నాలుగు ముద్దలు తిన్నది. అంత ఏడుపులోనూ."

"పిచ్చితల్లి."

"మర్నాడు కారియర్ తీసుకెళ్ళా. ఇంకేమన్నాడు అంది. నేను చెబితేగానీ తినదు. చెప్పా. ఊరికే కోప్పడేవాణ్ణి దానిమీద, పాపం అన్నాడని చెప్పా. ఆ మర్నాడు మళ్ళీ. మామిడితోటలో కాపలా ఉన్నప్పుడు ఇద్దరూ వానలో తడిసింది తలుచుకున్నాడని చెప్పా. అట్లా ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి రోజుకో మాట చెబుతున్నా. ఏడుస్తుంది, తింటుంది."

"బాబాయ్..."

"ఆస్పత్రి నుంచి వాళ్ళింటికి ఎంత దూరమమ్మా? ఒక మనిషి ఎంత మాట్లాడతాడు ఆ దూరంలో?"

"ఆ ఇంటికి వేరేవాళ్ళని పంపిస్తా. ఆ రెండో సైకిలు తొక్కే కిరీటిని పంపిస్తా."

"మొన్న నాకు జ్వరమొస్తే కిరీటే పోయాడు. కారియర్ కారియర్ లాగే తిరిగొచ్చింది. ఖాజావలి రాలేదా అని అడిగి గోడవైపు తిరిగిందంట."

"మరి నువ్వు కూడా మానేస్తే ఆవిడ గతేంటి? నువ్వు తప్ప ఇంకెవరు తినిపించగలరు ఆవిడకి?"

"నిన్న పోయా తల్లీ. మూత తీసి పక్కన పెట్టుకుని, ఏమన్నాడు ఖాజావలీ అంది. ఎంత ఆలోచించినా నాకేం తోచలా. ఇంకేం అనలేదమ్మా అన్నా. అయితే మూత పెట్టెయ్ అంది."