పొద్దున్న తిరగని మిషను

తప్పు మాట్లాడారు పంతులుగారూ. పిల్లలకి చదువు చెప్పే మనిషి నోటమ్మట రావలసిన మాటేనా అది? ఆవిడ చెయ్యి పడి మిషను పాడైపోయిందంటారా?

కూర్చోండి. కోపం వస్తే రానివ్వండి, అన్న మాట నేను వెనక్కి తీసుకోను. ముందు మిషను సంగతి చూద్దాం. మొగుడు పోయి మీ ఇంట ఉంటున్న మీ అక్కగారు, కనకవల్లమ్మగారి చెయ్యి సంగతి తరవాత.

ఇదిగో, సూది తిరగేసి బిగించారు. కుట్టు దాటేస్తోందంటే దాటెయ్యదా మరి? ఎవరు బిగించారండీ? మీరేనా? సరే.

పై దారం తెగిపోతోందన్నారు. ఈ మర ఇంతలా బిగిస్తే దారమేం ఖర్మ, పలుపుతాడైనా తెగుతుంది. ఈ పళ్ళ కింద చూడండి, దూది ఉండకట్టి పిచిక గూడులా ఉంది. ఇక గుడ్డ ముందుకెలా జరుగుతుంది? ఇవన్నీ చిన్న సంగతులు. ఓపిగ్గా చూసుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు.

చక్రం పట్టేస్తోందా? ఎప్పుడు? పొద్దున్నేనా? ఎండెక్కాక మీరు తిప్పితే చక్కగా తిరిగింది, అంతేనా? అందుకని లోపం ఆవిడ చేతిలో ఉందని తేల్చేశారన్నమాట.

ఉండండి, ఒకసారి వాసన చూడనివ్వండి.

కొబ్బరి నూనె. అవునా కాదా? మిషను నూనె అయిపోతే పోశారు. దేవుడి దీపానికి పనికొచ్చేది మిషనుకి పనికిరాదా అనుకున్నారు. ఇది పుష్యమాసం కదండీ. తెల్లారగట్ల తలకి రాసుకునే నూనె సీసా బోర్లిస్తే చుక్క పడుతుందా? సీసాలో పేరుకునే నూనె ఇనుప సందుల్లో పేరుకోదా?

మీరు నవ్వుతున్నారు. నాకు నవ్వు రాదండి.

మా తమ్ముడు సత్తియ్య మీకు తెలీదు. మీరీ ఊరు రాకముందే వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఒక్క రోజులో పోయాడు. వాడి భార్య వీరవేణి. అప్పటికి ఇరవై రెండేళ్ళు. ఊరికే కూర్చుని తినడం నాకు గిట్టదు, ఆ అమ్మాయికీ గిట్టదు. మిషను పని నేర్పాను. నాకంటే సన్నగా కుట్టేది, ఇప్పుడు ఒప్పుకుంటే ఏం పోయింది?

అయితే ఒక చిక్కు. పొద్దున్నే బేరానికొచ్చినవాళ్ళకి విధవ ఎదురుపడకూడదు కదా. అందుకని తెల్లవారకముందే దీపం పెట్టుకుని కుట్టేది. కొట్టు తలుపు తీసేవేళకి లేచి దొడ్లోకి వెళ్ళిపోయేది. అప్పుడు నేను కూర్చునేవాణ్ణి. ఈ ఏర్పాటు నాదే.

మిషనుకి నూనె పొయ్యడం కూడా నా పనే. ఇంకొకళ్ళని ముట్టనిచ్చేవాణ్ణి కాదు. ఆ ఏడు సీసా ఖాళీ అయితే మా ఇంట్లో ఆడించిన కొబ్బరి నూనె పోశాను. దసరా వెళ్ళింది, కార్తీకం వెళ్ళింది, బాగానే నడిచింది. ధనుర్మాసం వచ్చేసరికి పొద్దున్నే ఆ అమ్మాయి చేతిలో మిషను పట్టెయ్యడం మొదలెట్టింది. సూదులు విరిగాయి. ఎండ అరుగు మీదికి వచ్చాక నేను కూర్చుంటే గిర్రున తిరిగేది.

ఇంకేం కావాలి? వీధిలో వాళ్ళు అననే అన్నారు. మొగుణ్ణి మింగిన చెయ్యి, ఇనుమునేం వదుల్తుందీ అని. నేను అనలేదు. అనవద్దనీ అనలేదు.

ఒకనాడు తలుపు చాటునుంచి మా ఆవిడ రామలక్ష్మితో చెప్పింది. నాకు వినపడేలాగే చెప్పింది. "అక్కా, మిషను కాసేపు ఎండలో పెడితే నాకూ తిరుగుతోంది. అదీ నా చెయ్యే కదా. బావగారిని ఒక్కసారి చూడమను."

చూశానా? ఎదురు సమాధానం చెప్పే పిల్ల నా ఇంట్లో ఉండడానికి వీల్లేదన్నాను. పెద్దాపురం నుంచి వాళ్ళ నాన్న ముసలయ్యని పిలిపించి పంపేశాను. ఆయన బట్టల మూట భుజాన పెట్టుకుని ముందు నడిచాడు.

మాఘమాసం పెళ్ళిళ్ళ బట్టలు వచ్చిపడ్డాయి. తెల్లవారుజామున నేనే కూర్చున్నాను. చక్రం కదల్లేదు.

అప్పుడేమన్నానో తెలుసాండి? ఆ చేతి దోషం ఇంకా వదల్లేదన్నాను.

చివరికి మిషను కాలువ పడవలో వేసుకుని రాజమండ్రి వెళ్ళాను. అక్కడ ఏసుపాదం అని మిషన్లు బాగుచేసే ఆయన ఉండేవాడు. అడుగు బిళ్ళ ఊడదీసి, వేలితో తెల్లటి ముద్ద గీకి నా ముక్కు దగ్గర పెట్టాడు. "ఏంటండీ ఇది, మిషనుకి తలంటు పోశారా?" అన్నాడు. కిరసనాయిలుతో కడిగి, తుడిచి, మిషను నూనె రెండు చుక్కలు వేశాడు. అంతే. మర్నాడు పొద్దున్న మంచులో తిప్పి చూపించాడు.

తిరుగు పడవలో ఏం ఆలోచించాననుకున్నారు? పెద్దాపురం వెళ్ళి ఆ పిల్లని తీసుకురావాలనా? కాదండి. వీధిలో ఏం చెప్పాలా అని. లోపల ఒక బద్ద అరిగిపోయింది, కొత్తది వేయించానని చెప్పాను. అబద్ధమాడిన వాడికి అన్నం పెట్టకూడదని నా పిల్లలకి చెప్పినవాణ్ణి. ఆ పూట కడుపునిండా తిన్నాను.

ఆషాఢంలో మరిడమ్మ జాతరకని పెద్దాపురం వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. వాళ్ళమ్మ చాపేసి మజ్జిగ ఇచ్చింది. మిషను బాగుందా బాబూ అని అడిగింది. దొడ్లో వీరవేణి ఎవరివో వడ్లు దంచుతోంది. నేను వచ్చినట్టు తెలుసు. రోకలి చప్పుడు ఆగలేదు. మజ్జిగ తాగి వచ్చేశాను. మరుసటేడు ఆ కుటుంబం ఊరు వదిలేసింది. ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు.

రామలక్ష్మికి మాత్రం నేను రాజమండ్రినుంచి వచ్చిన రోజే నా అబద్ధం తెలిసిపోయింది. కొబ్బరి నూనె గిన్నె మిషను దగ్గరనుంచి వంటింట్లోకి పోవడం, కొత్త సీసా రావడం ఆవిడ చూసింది. గుండీలు, కాజాలు అంతా ఆవిడే చేసేది. ఆ రోజు చేతిలో గుడ్డ మడిచి పక్కన పెట్టేసింది.

"రేపింకెక్కడైనా పట్టేస్తే నా చెయ్యంటారు," అంది. "నేనింక ముట్టుకోను."

తిట్టాను, బతిమాలాను. అన్నం పెడుతుంది, జ్వరమొస్తే కాళ్ళు పడుతుంది. కొట్టు గడప మాత్రం దాటలేదు. పదేళ్ళయింది.

ఇదిగో, కిరసనాయిలుతో కడిగి మిషను నూనె వేశాను, మీ మిషను తిరుగుతోంది. ఇంటికి తీసుకెళ్ళండి. నూనె ఎవరు పోశారో ముందు ఆవిడకి చెప్పండి. ఇవాళే చెప్పండి.

కొత్త సూది వేశాను, కుట్టి చూపించాలి. నాకు రెండేళ్ళుగా దగ్గర చూపు ఆనడం లేదండి. రామలక్ష్మికి బియ్యంలో నలుసు కూడా కనబడుతుంది, లోపల కూర్చునే ఉంది. నేను వీధిలోకి వెళ్ళి దారిన పోయేవాళ్ళని అడుక్కుంటాను. పొద్దున్నించి ఇద్దరిని అడిగాను. మూడోవారు మీరు.

ఈ దారం కాస్త ఎక్కించి పెట్టండి.