రాజుగారి తమ్ముడు

బెల్‌ఫాస్ట్‌లో ఒక వృద్ధుల కేర్‌హోమ్ వంటగది. అక్కడ పనిచేసే ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు టీ కాచుకుంటున్నారు.

"అక్కా, ఏడో గదిలో ప్రిన్స్ తాత ఇవాళైనా తిన్నాడా? తినకపోతే రేపు హాస్పిటల్‌కి పంపేస్తారంట."

"వాళ్ళ రాజ్యం ఎప్పుడో పోయింది, బెట్టు మాత్రం పోలేదు. ‘యువర్ హైనెస్’ అని ఎంత బతిమాలినా నోరు తెరవలేదు."

"మరి గిన్నె ఖాళీగా ఉందే?"

"విసుగొచ్చి, మావాడికి పెట్టినట్టే ‘మా రాజా కదూ, ఒక్క ముద్ద’ అన్నా. రాజా అంటే ఏంటన్నాడు. కింగ్ అని చెప్పా."

"పొంగిపోయుంటాడు."

"లేదు, ముందు తలుపేసి రమ్మన్నాడు."

"ఎందుకంట?"

"కింగ్ వాళ్ళన్నయ్యంట. ఎప్పుడో పోయాడులే, అయినా వింటే నొచ్చుకుంటాడంట."

"తలుపేశావా?"

"వేశా. ‘ఇప్పుడు మళ్ళీ అను’ అని నోరు తెరిచాడు."