క్యాంటీన్‌లో పెద్ద బల్ల

షిఫ్టు అయ్యాక ఫ్యాక్టరీ గేటు బయట టీ బండి దగ్గర చేరిన నలుగురిలో వెల్డర్ గొంతే పైన ఉంది. పక్కనే నిలబడ్డ అతని బావమరిది మర్నాడు అదే ఫ్యాక్టరీలో స్టోర్స్ పనికి చేరబోతున్నాడు. అక్కడివాళ్లు తలో దేశం మనుషులు, మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌లో ఒకే పెద్ద బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆ బల్ల దగ్గర బావ మాటే వేదమని ఇంటిల్లిపాదీ నమ్మారు. కుర్రాడి ముందు ఆ పరువు నిలబెట్టుకోవాలని వెల్డర్ తాపత్రయం.

"మొదటిరోజు ఊరికే వెళ్లి కూర్చున్నానంతే. పలకరింపుగా పెయింటర్ నడుం దాకా వంగుతాడు, క్రేన్ ఆపరేటర్ చెయ్యి కలుపుతాడు, ఎలక్ట్రీషియన్ బుగ్గకి బుగ్గ ఆనిస్తాడు. నేనేం చేశానో తెలుసా? వంగుతూ చెయ్యి కలిపి, లేస్తూ బుగ్గ ఆనించా. ముగ్గురికీ ఒకే దెబ్బకి మర్యాద అయిపోయింది."

"తలలు గుద్దుకోలేదా?" అన్నాడు టీ కాసే ఆయన.

"మన ఒడుపు మనకుంటుందిగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డబ్బా మూత తీశా. వాసనకి బల్ల నా వైపు జరిగింది. మనుషులు కాదయ్యా, బల్లే. తలో ముద్ద పెట్టా, ముద్దకో భాష చొప్పున నాకొచ్చేసింది. మొత్తం పదకొండు."

"నిన్న తొమ్మిదన్నావు," అన్నాడు టీ ఆయన.

"ఇవాళ భోజనాల దగ్గర రెండు కలిశాయి. సరే విను, పోయిన వారం ఆ తొమ్మిది భాషల్లోనే ఒకే ఊపిరిలో ఒక జోకు చెప్పా. నవ్వారు చూడూ, కప్పు రేకులు లేచి మళ్లీ కూర్చున్నాయి. పక్క ఫ్యాక్టరీ వాళ్లకి జోకు తెలీదు, అయినా నవ్వారు. రేవు దాటిన ఓడ వెనక్కొచ్చింది. 'చివరి ముక్క వినపడలేదు, మళ్లీ చెప్పండి సార్' అని కెప్టెన్ బతిమాలాడు. చెప్పా. మూడు రోజులు ఓడ కదిలితే ఒట్టు."

బావమరిది కళ్లు మెరిశాయి. "రేపు నన్ను నీ పక్కనే కూర్చోబెట్టుకుంటావుగా బావా? నాకెవరూ తెలీదు."

"నువ్వొస్తే వాళ్లే లేచి నిలబడతార్రా."

పక్కనే టీ తాగుతున్న కంపెనీ బస్సు డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు. "మరి రోజూ లంచ్ టైముకి నా ఖాళీ బస్సులో చివరి సీటులో ఒంటరిగా తినేదెవరు గురూ? మొదటిరోజు పెయింటర్ వంగితే నువ్వు చెయ్యి చాపావు, అది ఆయన ముక్కుకి తగిలింది. డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చి బస్సెక్కావు. పదకొండు నెలలుగా దిగలేదు."

అందరూ విరగబడి నవ్వారు. వెల్డర్‌కి తల కొట్టేసినట్టయింది. బావమరిది ముఖంలోకి చూడలేకపోయాడు. ఆ కుర్రాడు మాత్రం నవ్వలేదు.

"ఆ పెయింటర్ రోజూ బస్సు దాకా వస్తాడు," అన్నాడు డ్రైవరు, ఈసారి మెల్లగా. "తన ముక్కు చూపించి బాగానే ఉందంటాడు. నిన్ను చూపించి ఎప్పుడొస్తాడని సైగ చేస్తాడు. నువ్వేమో సీటు కింద దాక్కుంటావు. బల్ల దగ్గర నీ కోసం ఒక కుర్చీ కూడా వదిలేశారు."

"నిజంగానా?" అన్నాడు వెల్డర్. ఆ సాయంత్రం అతను తగ్గి మాట్లాడింది ఆ ఒక్క మాటే.

బావమరిది బావ చెయ్యి పట్టుకున్నాడు. "డ్రైవర్ గారూ, రేపు రెండు కుర్చీలు కావాలని చెప్పండి. ఇద్దరికీ భయమే."